డ్రాఫ్ట్‌లో ఉన్నది ఫైలా, ఫైలు పేరా?

మెయిల్ సగం రాసి, ఫైలు తగిలించి, ‘మిగతాది రేపు చూద్దాం’ అని డ్రాఫ్ట్‌లో పడేసే అలవాటు చాలామందికి ఉంటుంది. రేపు తెరిచి చూస్తే ఫైలు పేరు కనబడుతుంది, పక్కన పిన్ను గుర్తూ ఉంటుంది. ఇంకేం, ఫైలు అక్కడే భద్రంగా ఉందనుకుంటాం. ఉండొచ్చు, ఉండకపోవచ్చు కూడా. ఈమెయిల్‌లో ఫైలు వేరు, దాని పేరు వేరు. రెండింటినీ కలిపి ఉంచే ముడి మనం అనుకున్నంత గట్టిది కాదు. అది ఎక్కడెక్కడ వదులవుతుందో చూపించే సంగతులు ఇవి.

కొన్ని డ్రాఫ్ట్‌లలో ఫైలు ఉండదు, చిరునామా మాత్రమే ఉంటుందని మీకు తెలుసా?

బ్రౌజర్‌లో జీమెయిల్ వాడేవాళ్లకు ఈ ప్రశ్నే రాదు. అక్కడ ఫైలు తగిలించిన క్షణమే దాని నకలు సర్వర్‌కు ఎక్కిపోతుంది. ఆ తర్వాత మీ కంప్యూటర్‌లో ఆ ఫైలును దిద్దినా, తుడిచేసినా డ్రాఫ్ట్‌లో ఉన్నది చెక్కుచెదరదు. దిద్దిన ప్రతి పంపాలంటే పాతది తీసేసి కొత్తది మళ్లీ తగిలించాల్సిందే.

ప్రోగ్రామర్లు ఇష్టపడే ఈమ్యాక్స్ అనే ఎడిటర్‌లో కథ పూర్తిగా వేరు. అందులో ఉత్తరం రాస్తూ ఫైలు తగిలిస్తే, ఉత్తరం మధ్యలో ఒక ట్యాగ్ పడుతుంది: ఫలానా రకం ఫైలు, ఫలానా ఫోల్డర్‌లో ఫలానా పేరుతో ఉంది అని. ఎమ్‌ఎమ్‌ఎల్ అనే ఈ గుర్తుల భాషలో రాసిన ట్యాగ్, ‘పంపు’ అన్నప్పుడు గానీ అసలు ఫైలుగా మారదు. అందాకా డ్రాఫ్ట్‌లో ఉన్నది దారి మాత్రమే. ఊరెళ్తూ ‘తాళం పక్కింట్లో ఇచ్చాం’ అని చీటీ పెట్టడం లాంటిది. పక్కింటివాళ్లూ ఊరెళ్లిపోతే చీటీ మిగులుతుంది, తాళం దొరకదు.

ఈ రెండు పద్ధతుల్లో ఏది మంచిదో తేల్చడం కష్టమని ఒప్పుకున్న ప్రోగ్రామ్ ఒకటుంది, పేరు నాట్‌మచ్. ఇది కూడా ఈమ్యాక్స్‌తో కలిసి పనిచేసేదే. డ్రాఫ్ట్ దాచేటప్పుడు ఆ ట్యాగ్‌ను ట్యాగ్‌గానే వదిలేయాలా, ఫైలుగా మార్చి దాచాలా అన్నది వాడేవారి ఇష్టానికే వదిలేశారు. ట్యాగ్‌గా వదిలేస్తే మళ్లీ తెరిచేనాటికి ఫైలు ఉండకపోవచ్చు. ఫైలుగా దాచుకుంటే, దాచిన రోజు ఎలా ఉందో అలాగే వెళ్తుంది, ఆ తర్వాత చేసిన దిద్దుబాట్లు అందులో ఉండవు. దాచేనాటికీ తెరిచేనాటికీ మధ్యలో సెట్టింగ్ మార్చితే వింతలు జరగొచ్చని కూడా దాని సూచనల్లోనే రాసిపెట్టారు. నన్నడిగితే నకలు దాచుకోవడమే మేలు. పాత ప్రతి వెళ్లిందంటే మళ్లీ పంపుకోవచ్చు. ఖాళీ ఉత్తరం వెళ్తే ముందు క్షమాపణ చెప్పుకోవాలి.

1979లో అమెరికాలోని ర్యాండ్ సంస్థలో పుట్టిన ఎమ్‌హెచ్ అనే మెయిల్ ప్రోగ్రామ్ వారసుడు ఎన్‌ఎమ్‌హెచ్ ఇప్పటికీ ఈ దారి పద్ధతిలోనే ఉంది. అందులో డ్రాఫ్ట్ అంటే మామూలు టెక్స్ట్ ఫైలే. అటాచ్‌మెంట్ అంటే అందులో ఒక హెడర్ లైను, ఆ లైనులో ఫైలు దారి. నోట్‌ప్యాడ్ లాంటి దాంతో తెరిచి ఆ లైను దిద్దినా చాలు, అటాచ్‌మెంట్ మారిపోతుంది.

ఎదుటివారు రాసిన అక్షరాలే మీ ఫైలును జతచేసే ప్రమాదం ఉండేదని తెలుసా?

ఈమ్యాక్స్ ట్యాగ్ పద్ధతిలో ఒక చిక్కుంది. మీకు వచ్చిన ఉత్తరంలోనే ఎవరో కావాలని అలాంటి ట్యాగ్ రాసి, అందులో మీ కంప్యూటర్‌లోని ఏదో ఫైలు దారి పెట్టారనుకోండి. మీరు జవాబు రాస్తూ ఆ ఉత్తరాన్ని కింద ఉంచితే, పంపే వేళకు ప్రోగ్రామ్ దాన్ని మీరు రాసిన ట్యాగే అనుకుని మీ ఫైలును తగిలించి పంపేయగలదు. అందుకే ఈమ్యాక్స్, పాత ఉత్తరాన్ని జవాబులోకి తెచ్చేటప్పుడు అలాంటి ట్యాగ్‌లన్నిటిలో ఒక ఆశ్చర్యార్థకం చొప్పించి వాటిని నిర్వీర్యం చేస్తుంది.

ఒకే ప్రోగ్రామ్ రెండు పద్ధతులూ పాటిస్తుంది

థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రామ్‌లో కొత్త ఉత్తరం విండో తెరిచి ఫైలు తగిలిస్తే, ఆ విండో గుర్తుపెట్టుకునేది ఫైలు ఎక్కడుందో మాత్రమే. డ్రాఫ్ట్‌గా దాచినప్పుడు ఫైలును చదివి, నకలును ఉత్తరంలో కలిపి దాస్తుంది. మర్నాడు ఆ డ్రాఫ్ట్ తెరిస్తే మీ ముందున్నది ఆ నకలే. డెస్క్‌టాప్‌మీది అసలు ఫైలుతో దానికి ఇక చుట్టరికం లేదు. ‘నేను సరిదిద్దిన ఫైలే కదా పంపాను, వాళ్లకు తప్పులున్నది ఎలా వెళ్లింది?’ అని తలపట్టుకునే సందర్భాల్లో ఇది కూడా ఒక కారణం. డ్రాఫ్ట్‌లో పేరు అదే, డెస్క్‌టాప్‌మీద పేరు అదే, లోపలి సరుకే తేడా.

సర్వర్‌లో డ్రాఫ్ట్‌ను దిద్దడం అన్నదే లేదని మీకు తెలుసా?

ఫోనులో రాసిన డ్రాఫ్ట్ కంప్యూటర్‌లోనూ కనబడుతోందంటే దాని వెనక చాలాసార్లు ఉండేది ఐమ్యాప్. 1986లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మార్క్ క్రిస్పిన్ రూపొందించిన పద్ధతి ఇది. దీని మూలసూత్రాల్లో ఒకటి: సర్వర్‌లో చేరిన ఉత్తరానికి ఒక నంబరు పడుతుంది, ఆ నంబరున్న ఉత్తరంలో ఇక ఒక్క అక్షరం కూడా మారకూడదు. చేరిన ఉత్తరాలకు ఇది సరైన నియమమే. కానీ డ్రాఫ్ట్ అంటేనే మారేది కదా!

అందుకని ప్రోగ్రామ్‌లు ఏం చేస్తాయంటే, మీరు ఒక కామా చేర్చి దాచినా సరే, మొత్తం ఉత్తరాన్ని కొత్తగా తయారుచేసి, అటాచ్‌మెంట్‌తో సహా సర్వర్‌కు ఎక్కించి, పాతదాన్ని తుడిచేస్తాయి. మెయిల్‌లో ఫైళ్లు మామూలుగా బేస్64 రూపంలో ప్రయాణిస్తాయి. ప్రతి 57 బైట్లూ లైను ముగింపుతో కలిపి 78 బైట్లవుతాయి; అంటే 37 శాతం దాకా లావెక్కుతాయి. పది ఎంబీ ఫైలు తగిలించి, ఐదు నిమిషాలకోసారి ఆటోసేవ్ అవుతుండగా అరగంట కూర్చుని ఉత్తరం రాస్తే, ఆ ఫైలు ఆరుసార్లు ఎక్కుతుంది. దాదాపు 82 ఎంబీ డేటా! ఒక్క వాక్యం ఎటూ తేలక కూర్చున్నందుకు కట్టే పన్ను అది. డ్రాఫ్ట్‌ల పాత నకళ్లు ట్రాష్‌లో ఒకదానిమీద ఒకటి పడి ఉండటం చూసి ‘నేనెప్పుడు తుడిచాను ఇవన్నీ?’ అనుకున్నవారికి జవాబూ ఇదే.

దీనికి మందు కనిపెట్టలేదా అంటే, కనిపెట్టారు. సర్వర్‌లో ఇప్పటికే ఉన్న ముక్కలను వాడుకుని కొత్త ఉత్తరం కూర్చుకునే సదుపాయం 2006లో వచ్చింది. పాతది తీసి కొత్తది పెట్టడాన్ని ఒకే ఆజ్ఞగా చేసే ‘రీప్లేస్’ 2019 జనవరిలో ప్రమాణమైంది. అదే ఏడాది వచ్చిన జేమ్యాప్ అనే కొత్త పద్ధతిలో ఫైలును ఒక్కసారి ఎక్కిస్తే చాలు, తర్వాత డ్రాఫ్ట్ ఎన్నిసార్లు మారినా దాని గుర్తింపు సంఖ్య చెబితే సరిపోతుంది. అక్కడా ఉత్తరం మాత్రం మారదు, కొత్తది పుట్టాల్సిందే.

మొదటి అటాచ్‌మెంట్‌లో ఏముంది?

1992 మార్చి 11న అమెరికాలోని బెల్‌కోర్ పరిశోధనశాల నుంచి నథానియెల్ బోరెన్‌స్టీన్ ఒక మెయిల్ పంపారు. అందులో తన పాటల బృందం ‘టెలిఫోన్ కార్డ్స్’ ఫొటో, ఆ నలుగురూ పాడిన పాట ఉన్నాయి. ఇవాళ మనం వాడే మైమ్ పద్ధతిలో వెళ్లిన తొలి అటాచ్‌మెంట్‌గా దాన్నే చెప్పుకుంటారు. ఆ జూన్‌లోనే బోరెన్‌స్టీన్, నెడ్ ఫ్రీడ్ కలిసి మైమ్ ప్రమాణాన్ని ప్రకటించారు.

అప్పట్లో ఫైలు పేరుకు ప్రత్యేకమైన చోటు లేదు. ‘ఇది ఏ రకం సరుకు’ అని చెప్పే లైనులోనే పక్కన ఒక మూల ‘నేమ్’ అని రాసేవారు. 1995లో ‘కంటెంట్ డిస్పొజిషన్’ అనే కొత్త లైను, అందులో ‘ఫైల్‌నేమ్’ అనే చోటు వచ్చాయి. పాతది పోయిందా? పోలేదు. పాత ప్రోగ్రామ్‌లకు అర్థం కావాలని చాలావి రెండు చోట్లా పేరు రాస్తూనే ఉన్నాయి. అలా ఇవాళ్టికీ ఒక అటాచ్‌మెంట్‌కు రెండు చోట్ల పేరుంటుంది. రెండూ ఒకటే కావాలన్న పట్టింపు ఎవరికీ లేదు. తేడా వస్తే ఒక ప్రోగ్రామ్ ఒకటి చూపిస్తుంది, ఇంకో ప్రోగ్రామ్ రెండోది చూపిస్తుంది.

‘ఫైల్‌నేమ్’ ప్రమాణం రాసిన వ్యక్తి తన సొంత ప్రోగ్రామ్‌లో ఏం చేశారో తెలుసా?

1995 నాటి ఆ ప్రమాణం రాసినవారిలో ఒకరు స్టీవ్ డోర్నర్. 1988లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో యుడోరా మెయిల్ ప్రోగ్రామ్ తయారుచేసింది ఆయనే. రచయిత్రి యుడోరా వెల్టీ మీద గౌరవంతో ఆ పేరు పెట్టారు. ఆ యుడోరా, వచ్చిన ఉత్తరంలోంచి అటాచ్‌మెంట్‌ను ఊడబీకి వేరే ఫోల్డర్‌లో పెట్టేది. ఉత్తరంలో దాని గుర్తుగా ఒక లైను మాత్రం మిగిలేది: అటాచ్‌మెంట్ ఫలానా డ్రైవ్‌లో, ఫలానా ఫోల్డర్‌లో ఉంది అని. కొత్త కంప్యూటర్‌కు మారినవారు ఉత్తరాలు మాత్రమే తెచ్చుకుని, ఆ ఫోల్డర్ మర్చిపోతే మిగిలేవి పేర్లే. 2018లో కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం యుడోరా సోర్స్ కోడ్‌ను అందరికీ విడుదల చేసింది. కావాలంటే చదువుకోవచ్చు.

పేరు ఆజ్ఞ కాదు, సలహా

1997 ఆగస్టులో ఆ ‘ఫైల్‌నేమ్’ ప్రమాణాన్ని సవరించి రాసినప్పుడు ఒక సంగతి గట్టిగా చెప్పారు. పంపినవారు పెట్టిన పేరును అందుకునేవారి ప్రోగ్రామ్ గుడ్డిగా వాడకూడదు. పేరులో ఫోల్డర్ దారి ఉంటే దాన్ని పట్టించుకోకూడదు. లేకపోతే ఎవరైనా ‘ఈ పేరుతో దాచు’ అంటూ మీ సిస్టమ్ ఫైలు మీదనే తమ ఫైలు రాయించగలరు.

ఆ ‘కంటెంట్ డిస్పొజిషన్’ లైనులోనే ఫైలు పుట్టిన తేదీ, చివరిసారి మార్చిన తేదీ, చివరిసారి చదివిన తేదీ, సైజు రాసే చోట్లు కూడా ఉన్నాయి. మైక్రోసాఫ్ట్ ఎక్స్‌ఛేంజ్ సర్వర్ నుంచి వచ్చే మెయిళ్లలో వీటిలో కొన్ని తరచూ కనబడతాయి. ‘వారం క్రితమే తయారుచేశానండీ’ అని పంపిన రిపోర్టు ఆ పొద్దున్నే పుట్టిందని ఉత్తరం మూలపాఠం చెప్పేస్తుంటుంది. దాన్ని తెరిచి చూసేవాళ్లు తక్కువ కాబట్టి చాలామంది గట్టెక్కుతున్నారు.

పేరు పంపేముందు మార్చుకోవచ్చు

థండర్‌బర్డ్‌లో తగిలించిన ఫైలు మీద రైట్‌క్లిక్ చేసి పేరు మార్చితే డిస్కు మీది పేరు మారదు, ఉత్తరంలో వెళ్లే పేరు మాత్రమే మారుతుంది. మట్ అనే టెర్మినల్ ప్రోగ్రామ్‌లోనూ ఇదే సౌకర్యం ఉంది. ‘ఫైనల్ ఫైనల్ కొత్తది 3’ అని పేరు పెట్టుకున్న రెజ్యుమేను గౌరవంగా పంపడానికి పనికొస్తుంది.

మట్‌లోనే ఇంకో తమాషా. ఉత్తరం పైభాగంలో ‘అటాచ్’ అని రాసి ఫైలు దారి ఇవ్వొచ్చు. కానీ పేరులో ఖాళీ ఉంటే ముందు ఒక వెనక్కి వాలిన గీత పెట్టాలి. మర్చిపోతే మొదటి ఖాళీ దాకానే పేరు అనుకుని, మిగతాదాన్ని ఆ ఫైలు వివరణగా తీసుకుంటుంది.

‘తెలుగు’ అని రాయడానికి 54 అక్షరాలు పడతాయని మీకు తెలుసా?

మెయిల్ హెడర్‌లు పుట్టింది ఇంగ్లిష్ అక్షరాల కోసం. తెలుగు పేరున్న ఫైలు తగిలిస్తే ఆ పేరును వేషం మార్చి పంపాలి. యూనికోడ్‌లో తెలుగు లిపిలోని ఒక్కో గుర్తుకూ మూడు బైట్లు. ‘తెలుగు’లో గుర్తులు ఆరు: త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము. మొత్తం 18 బైట్లు. ఒక్కో బైటునూ ఒక శాతం గుర్తు, దాని వెనక రెండు అంకెలుగా రాయాలి కాబట్టి 54. ఒకే అక్షరంగా కనబడే ‘స్త్రీ’లోనూ గుర్తులు ఆరే, అదీ 54 స్థానాలే తింటుంది.

1997 నవంబరులో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2231 అనే ప్రమాణం చెప్పే సరైన పద్ధతి ఇది. పేరు మరీ పొడవైతే ముక్కలుగా కోసి, సున్నా, ఒకటి, రెండు అని నంబర్లు వేసి పంపమంటుంది. దీనికి ఒక ఏడాది ముందు ఆర్‌ఎఫ్‌సీ 2047 వచ్చింది. సబ్జెక్ట్ లైను వంటి చోట్ల ఇతర లిపుల కోసం తయారైన పద్ధతి అది. ఫైలు పేర్లున్న చోట దీన్ని వాడొద్దని అందులోనే స్పష్టంగా రాశారు. వాడొద్దన్న చోటే ప్రోగ్రామ్‌లు వాడాయి. పేరు ఏదోలా చేరితే చాలని కొన్ని, ఎదుటి ప్రోగ్రామ్‌కు ఇదే అర్థమవుతుందని కొన్ని. చివరికి అది ఎంతగా స్థిరపడిందంటే, నియమం పాటించే ప్రోగ్రామ్‌లు కూడా నియమం తప్పిన పేర్లను చదవడం నేర్చుకోక తప్పలేదు. మట్‌లో అందుకోసం ప్రత్యేకంగా ఒక సెట్టింగే ఉంది. కొన్ని ప్రోగ్రామ్‌లు ఎందుకొచ్చిన గొడవని ఒక చోట ఒక పద్ధతిలో, రెండో చోట రెండో పద్ధతిలో పేరు రాసేస్తాయి.

ఆర్‌ఎఫ్‌సీ 2047 పద్ధతిలో ఒక్కో ముక్క 75 అక్షరాలు మించకూడదు. ముందూ వెనకా ఉండే అలంకారాలు పోగా, బేస్64లో పట్టేది 15 తెలుగు గుర్తులే. సోమరిగా రాసిన ప్రోగ్రామ్ ఆ కోతను ఒక గుర్తు మధ్యలో వేస్తే పేరు నడుమ వజ్రాకారంలో ప్రశ్నార్థకాలు మొలుస్తాయి.

పాడైపోయిన తెలుగు పేరునూ కొంతవరకు చదవొచ్చు!

పైన ఏటవాలు గీత ఉన్న చిన్న ‘ఏ’, పక్కన డిగ్రీ గుర్తు, ఆ పక్కన ఏదో పిచ్చిగీత. మళ్లీ అదే ‘ఏ’... ఇలాంటి పేరున్న అటాచ్‌మెంట్ చూసే ఉంటారు. తెలుగు బైట్లను విండోస్ పాత పశ్చిమ యూరప్ అక్షరమాలతో చదివితే వచ్చే రూపం అది. ప్రతి తెలుగు గుర్తులోనూ మొదటి బైటు ఒకటే, అందుకే ఆ ‘ఏ’ మూడింటికొకసారి తిరిగొస్తుంది. రెండో బైటులో అసలు సరదా ఉంది. వాడుకలో ఉన్న అచ్చులు, హల్లులు, సున్న, దీర్ఘం, గుడి అయితే డిగ్రీ గుర్తు వస్తుంది. గుడిదీర్ఘం, కొమ్ము, ఎత్వం నుంచి పొల్లు దాకా అయితే ప్లస్-మైనస్ గుర్తు వస్తుంది. యూనికోడ్ పట్టికలో తెలుగు భాగం సరిగ్గా గుడికీ గుడిదీర్ఘానికీ మధ్యన రెండుగా విడిపోవడమే కారణం.

ఒకే ‘హైదరాబాద్’, రెండు పేర్లు

తెలుగు గుర్తులన్నిటిలో ఐత్వం ఒక్కదానికే యూనికోడ్‌లో ప్రామాణికమైన విడి రూపం ఉంది. దాన్ని ఒకే గుర్తుగా రాయొచ్చు, లేదా ఎత్వం, కింద వచ్చే ఐత్వపు తోక అని రెండు గుర్తులుగానూ రాయొచ్చు. తెరమీద తేడా కనబడదు. 1998 నుంచి మ్యాక్‌లు వాడిన హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ అనే ఫైళ్ల వ్యవస్థ, పేర్లన్నిటినీ విడదీసి దాచేది. విండోస్‌లో ‘హైదరాబాద్’ తొమ్మిది గుర్తులు; ఆ పాత మ్యాక్ మీద దాచి పంపితే పది. రెండూ ఒకే ఫోల్డర్‌లో పక్కపక్కనే కూర్చోగలవు, ఏది ఏదో చెప్పడం మనిషి కంటికి అసాధ్యం. వెతుకులాటలో ఒకటి దొరికి ఇంకోటి దొరకకపోవచ్చు. ‘నెల్లూరు’ వారికి ఈ బాధ లేదు, ‘చెన్నై’ వారికి ఉంది.

విండోస్‌లో పట్టిన పేరు లినక్స్‌లో పట్టదు

విండోస్‌లో ఫైలు పేరు 255 గుర్తుల దాకా ఉండొచ్చు. లినక్స్‌లో మామూలుగా వాడే ఈఎక్స్‌టీ4లో 255 బైట్లు. ఇంగ్లిష్‌కు రెండూ ఒకటే. తెలుగుకు మాత్రం రెండోది 85 గుర్తులే. పెళ్లిపత్రికలో ఉండే వాక్యమంతా ఫైలు పేరుగా పెట్టేవారు మనలో తక్కువేం కాదు. అలాంటిది లినక్స్ సర్వర్ మీద దిగితే ‘పేరు మరీ పొడవు’ అని తిరగ్గొడుతుంది, లేదా తోక కత్తిరిస్తుంది. తోకతోపాటే ఫైలు ఏ రకమో చెప్పే చివరి మూడక్షరాలూ పోతే, ఎదుటివారి కంప్యూటర్‌కు దాన్ని దేనితో తెరవాలో తెలియదు.

అన్నట్టు, తెలుగు డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి ఈ బాధ లేకపోవడానికి కారణం వేరు. అను లాంటి పాత ఫాంట్లతో తెలుగు అక్షరాలు డాక్యుమెంట్ లోపలే కనబడేవి. ఫైలు పేరుకు ఆ ఫాంట్ తగలదు కాబట్టి పత్రిక ఎంత తెలుగైనా పేరు ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉండేది. పేజ్‌మేకర్ ఫైళ్లు ఇప్పటికీ ఆ అలవాటుతోనే తిరుగుతున్నాయి.

పేరు లేని అటాచ్‌మెంట్‌ను ఏమని పిలుస్తారు?

ఒక్కొక్కరు ఒక్కోలా. జీమెయిల్ ‘నోనేమ్’ అంటుంది. థండర్‌బర్డ్ ‘పార్ట్ 1.2’ అని భాగం నంబరు చెబుతుంది. ఎక్స్‌ఛేంజ్ దారిలో వెళ్తే ‘ఏటీటీ00001’ అవుతుంది. యాపిల్ మెయిల్‌లో ఫొటో తర్వాత రెండు మాటలు రాసి సంతకం పెడితే, ఔట్‌లుక్ వాడే ఎదుటివారికి ఆ సంతకమే ఇలాంటి పేరుతో విడి ఫైలుగా చేరడం తరచూ జరిగేది. ‘విన్‌మెయిల్.డాట్’ది ఇంకో రకం గొడవ: ఔట్‌లుక్ తన సొంత మూటలో కట్టి పంపిన ఫైళ్లు, పేర్లు అన్నీ అందులోనే ఉంటాయి, విప్పడం తెలిసిన ప్రోగ్రామ్‌కే దొరుకుతాయి.

ఔట్‌లుక్‌లో ప్రతి ఫైలుకూ ముద్దుపేరు

ఔట్‌లుక్ తన డ్రాఫ్ట్‌లను దాచే డేటాబేస్‌లో అటాచ్‌మెంట్ పేరుకు రెండు గళ్లున్నాయి. ఒకటి అసలు పొడుగు పేరు. రెండోది ఎనిమిది అక్షరాలు, చుక్క, మూడక్షరాలకు కుదించిన పొట్టి పేరు, డాస్ కాలం నాటిది. విండోస్ 95 వచ్చి పొడుగు పేర్లు మామూలైపోయినా ఆ గడి అలాగే ఉండిపోయింది. అదే డేటాబేస్‌లో ‘ఫైలు ఇక్కడే ఉంది’, ‘ఫైలు ఫలానా దారిలో ఉంది’ అని వేర్వేరుగా చెప్పే గుర్తూ ఉంది. అంటే మొదటి సంగతిలో చూసిన తగువు ఇక్కడ కూడా ఉందన్నమాట.

వాక్యాన్ని ‘బిగిన్’ అని మొదలుపెట్టొద్దని సలహా ఇచ్చారు

మైమ్ కంటే ముందు, 1980లో బర్క్‌లీలో మేరీ ఆన్ హోర్టన్ రాసిన యూయూఎన్‌కోడ్‌తో ఫైళ్లు పంపుకునేవారు. ఫైలు మొదట్లో ‘బిగిన్’ అనే మాట, అనుమతుల సంఖ్య, ఆ తర్వాత పేరు ఉండేవి. ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ దీన్ని ఎంత శ్రద్ధగా గుర్తుపట్టేదంటే, ఉత్తరంలో ఏ లైనైనా ‘బిగిన్’ అనే మాట, దాని తర్వాత రెండు ఖాళీలతో మొదలైతే, అక్కణ్ణుంచి మిగిలిన ఉత్తరమంతా అటాచ్‌మెంట్ అనుకుని మాయం చేసేది. దీనికి మైక్రోసాఫ్ట్ సూచించిన ఉపాయాల్లో ఒకటి: ఆ మాట బదులు ‘స్టార్ట్’ అనో ‘కమెన్స్’ అనో రాసుకోండి!

పేరు చూసి మోసపోయిన రోజు

2000 మే 4న ఫిలిప్పీన్స్ నుంచి బయల్దేరిన ‘ఐ లవ్ యూ’ పురుగు ప్రపంచాన్ని కుదిపేసింది. తగిలించిన ఫైలు పేరు ‘ప్రేమలేఖ’ అనే అర్థంతో మొదలై, టీఎక్స్‌టీ అని ఒక తోక, దాని వెనక వీబీఎస్ అని ఇంకో తోక పెట్టుకుంది. తనకు తెలిసిన తోకలను విండోస్ దాచేస్తుంది కాబట్టి జనానికి కనబడింది మామూలు టెక్స్ట్ ఫైలు. నొక్కితే నడిచింది ప్రోగ్రామ్. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో టెన్నిస్ తార అన్నా కోర్నికోవా ఫొటో అంటూ ఇదే ఎత్తు మళ్లీ వేశారు, మళ్లీ పారింది.

తోకలను దాచకపోయినా మోసం చేసే దారి ఒకటుంది. అరబిక్, హీబ్రూల కోసం యూనికోడ్‌లో ‘ఇక్కణ్ణుంచి కుడి నుంచి ఎడమకు’ అని చెప్పే కంటికి కనబడని గుర్తు ఉంది. దాన్ని పేరు మధ్యలో పెడితే, నిజానికి ఈఎక్స్‌ఈతో ముగిసే పేరు తెరమీద పీడీఎఫ్‌తో ముగిసినట్టు కనబడుతుంది.

తాళం వేసిన ఉత్తరంలో పేరు బయట కనబడుతుందా?

పద్ధతిని బట్టి. పీజీపీ మైమ్ అనే పద్ధతిలో మొత్తం ఉత్తరాన్ని ఒకే మూటగా కడతారు, బయటికి ‘ఎన్‌క్రిప్టెడ్.ఏఎస్‌సీ’ లాంటి మొక్కుబడి పేరొకటే కనబడుతుంది. ఫైళ్లను విడివిడిగా తాళం వేసే పాత పద్ధతిలో సరుకు రహస్యం, పేరు బహిరంగం. ‘రాజీనామా’ అన్న పేరుతో వెళ్లే తాళం వేసిన ఫైలు దాచేదేముంది?

చివరగా, తగిలించడమే మర్చిపోతే

ఉత్తరంలో ‘అటాచ్‌మెంట్’ లాంటి మాట ఉండి ఫైలు లేకపోతే థండర్‌బర్డ్ అడుగుతుంది. ఏయే మాటలకు అడగాలన్న జాబితా సెట్టింగ్‌లలో కంపోజిషన్ భాగంలో ఉంది. అందులో మన మాటలు చేర్చుకోవచ్చు: జతచేశాను, జతపరిచాను, పంపుతున్న ఫైలు. తెలుగులో మెయిళ్లు రాసేవారికి రెండు నిమిషాల పని. ఫైలు నిజంగా డ్రాఫ్ట్‌లో ఉందో, దాని చిరునామా మాత్రమే ఉందో అన్న ప్రశ్నకు మాత్రం ఈ జాబితా సాయపడదు. దానికి డ్రాఫ్ట్‌ను వేరే కంప్యూటర్‌లోనో ఫోనులోనో తెరిచి, అటాచ్‌మెంట్‌ను ఒకసారి నొక్కి చూడాలి.